జానెడు సందు

మొన్నామధ్య నా పాత స్కూటర్ అమ్మేద్దామని ఆటోనగర్‌లో ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. పదహారేళ్ళు నన్ను స్కూలుకీ ఇంటికీ తిప్పిన బండి. వెనక బ్రేకు సరిగా పట్టడం లేదు. ముందు అది బాగుచెయ్యమని, ఆ తర్వాతే బేరానికి పెడతానని చెప్పాను. అతను చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, "అమ్మేసే బండికి రిపేరెందుకు మేడమ్? పైన రంగేయించి ఇచ్చేయండి. కొన్నవాడు చూసుకుంటాడు" అన్నాడు.

నా మేలు కోరే అన్నాడు పాపం. బ్రేకు బాగుచేయించే తెచ్చుకున్నాను గానీ, అతను పనిచేస్తున్నంతసేపూ షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న నేను ఆటోనగర్‌లో లేను. ఆ మాట నేను పద్నాలుగో ఏట ఒకసారి విన్నాను. అప్పుడు అమ్మాల్సింది మా పడవ.

మాది కృష్ణ సముద్రానికి దగ్గరపడుతూ పాయలుగా చీలే చోట, ఒక పాయ ఒడ్డునున్న ఊరు. అవతల, పాయల నడుమ లంక. మా ఊరివాళ్ళ పొలాలు సగం లంకలోనే. లంకలో ఉన్నవాళ్ళకి బడి, ఆస్పత్రి, సినిమా హాలు, చల్లపల్లి బస్సు అన్నీ ఇవతలే. మధ్యలో మా నాన్న. పొద్దున్నే పాల క్యాన్లతో మొదలుపెట్టి పొద్దు గుంకేదాకా పొడుగాటి వెదురు గెడ వేస్తూ పడవని అటూ ఇటూ నడుపుతూనే ఉండేవాడు. ఏటా కోతలయ్యాక ఊరివాళ్ళు ఇంటికింతని ధాన్యం కొలిచేవారు. అది కాక రోజూ పడవలోనే ఏదో ఒకటి దొరికేది. లంక దోసకాయలు, జొన్నపొత్తులు, అమ్మగా మిగిలిన పెరుగు.

నాన్న ఇంట్లో మాట్లాడే మనిషి కాదు. అమ్మ ఉన్నప్పుడు ఆవిడ మాట్లాడేది, ఈయన వినేవాడు. గెడ చేతికొస్తే మాత్రం వేరే మనిషి. ఎవరి గేదె ఈనింది, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయింది, ఏ ఊరి తిరనాళ్ళకి ఏ నాటకం కట్టారు, అన్నీ ఆయనకి కావాలి. అవతలి ఒడ్డున ఎక్కించుకున్న కబురు ఇవతలి ఒడ్డున దించేవాడు. అమ్మ జ్వరంతో పోయాక ఇంట్లో ఆ వినడం కూడా లేకుండా పోయింది. అక్కకి అప్పటికే పెళ్ళై చల్లపల్లిలో ఉంది. ఇంట్లో ఉన్నది నేనూ నాన్నా. నాన్న గొంతు వినాలంటే బడి నుంచి రాగానే వెళ్ళి పడవలో ఓ మూల కూర్చోవడమే నాకు దారి. ఏ పనీ లేకుండా సాయంత్రానికి నాలుగైదు సార్లు లంకకి పోయి వచ్చేదాన్ని. వేరుశనక్కాయలు వలుచుకు తింటూ, పొట్టు నీళ్ళలోకి వదులుతూ.

ఆ ఏడు వంతెన పూర్తయింది. ఎవరో పెద్దలు వచ్చి రిబ్బను కత్తిరించారు. బడిపిల్లలకి బూందీ పొట్లాలు పంచారు. నాన్న కూడా ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. వంతెన మీద ఆ చివరిదాకా నడిచి వెళ్ళి, మళ్ళీ నడిచి వచ్చి, నాతో "బాగా కట్టారు" అన్నాడు.

మొదటివారం కొందరు మొహమాటానికి పడవే ఎక్కారు. తర్వాత వంతెన మీదికి ఆటోలొచ్చాయి. రేవు మెట్ల సందుల్లో గడ్డి మొలిచింది. నాన్న మాత్రం రోజూ పొద్దున్నే వెళ్ళి, పడవ అడుగున ఊరిన నీళ్ళు తోడిపోసి, గట్టు మీద కూర్చునేవాడు. బడికి పోతూ ఎక్కడ చూశానో, వస్తూ అక్కడే చూసేదాన్ని. ఆ ఏడు కోతలయ్యాక ధాన్యం కొలవడానికి ఎవరూ రాలేదు. నాన్న అడగడానికి పోలేదు.

నా తొమ్మిదో తరగతి పరీక్షలు అయిన వారానికి మా బావ మోపెడ్ మీద వచ్చాడు. ఆయన చల్లపల్లి రైసుమిల్లులో గుమస్తా. ఆ మిల్లు సరుకు కొనే వ్యాపారికి విజయవాడలో గోడౌన్ ఉంది, దానికి నమ్మకమైన వాచ్‌మన్ కావాలి. ఆ పని నాన్నకి మాట్లాడుకొచ్చాడు. పడవకి కొనేవాళ్ళని కూడా చూశాడు. సముద్రం వైపు ఒక ఊళ్ళో ఆలుమగలు, కూలీలని లంక పొలాలకి దాటించడానికి పడవ కోసం చూస్తున్నారట. ఇక నా సంగతి. గోడౌన్‌లో ఆడపిల్ల ఎక్కడుంటుంది కాబట్టి, నేను అక్క దగ్గర ఉండి టెన్త్ చదువుకోవాలి.

నేను వంటింట్లో వంకాయలు తరుగుతూ ఇదంతా విన్నాను. నన్నెవరూ అడగలేదు. నాన్న ఏదో ఒకటి అంటాడని చెవి అటే పెట్టాను. పిల్ల నా దగ్గరే ఉంటుందిలే అంటాడని. చాలాసేపటికి ఆయన నోరు విప్పాడు గానీ, అన్న మాట పడవ గురించి.

"అడుగు పలక చివికింది అబ్బాయ్. నీళ్ళూరుతుంది. బాగుచేయించి ఇద్దాం."

"అమ్మేసే పడవకి రిపేరెందుకు మావయ్యా? తారు పూసేయండి, కొత్తదానిలా ఉంటది. నీళ్ళూరితే వాళ్ళు చూసుకుంటారు."

బావ చెడ్డవాడు కాదు. గోడౌన్ పని ఆలస్యమైతే ఇంకొకరు ఎగరేసుకుపోతారని ఆయన భయం. నాన్న ఆ పూట అవుననలేదు, కాదనలేదు. వాళ్ళు అన్నం తింటుండగా నేను బయటికి వెళ్ళి బావ మోపెడ్ వెనక చక్రంలో గాలి తీసేశాను. ఎర్రటి ఎండలో ఆయన దాన్ని నెట్టుకుంటూ పోవడం గట్టు మీంచి చూశాను. నాన్న కూడా చూశాడు. తర్వాత నా వంక చూశాడు.

రెండు రోజులు ఊళ్ళో తలా ఒక సలహా చెప్పారు. ఉన్నదున్నట్టు చెప్పి వచ్చినకాడికి ఇచ్చెయ్యమని ఒకరు, విప్పేసి పలకలు అమ్ముకోమని ఒకరు, ఇంకో వంతెన లేని రేవు వెతుక్కోమని ఒకరు. నాన్న వినేవాడు. పడవ దగ్గరికి పోయి చివికిన పలకని బొటనవేలితో నొక్కేవాడు. మూడో రోజు నేను అన్నం వడ్డిస్తుంటే, "మేస్త్రిగారికి కబురు పెట్టాను" అన్నాడు. ఎందుకు నాన్నా అన్నాను. ఆయన ముద్ద కలుపుతూ, "కూలోళ్ళు ఎక్కుతారుగా అమ్మాయ్" అన్నాడు.

మేస్త్రిగారు బందరు వైపు నుంచి వచ్చారు. డెబ్భై దాటిన సాయిబుగారు. మా తాత రోజుల్లో ఆ పడవ కట్టింది ఆయనే. ఆకుపచ్చ గళ్ళ లుంగీ, బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం, గోనెసంచిలో పనిముట్లు. వస్తూనే వంతెన దగ్గర బస్సు దిగి, దాన్ని కింద నుంచి పైదాకా చూసి, "దీనికింత సిమెంటా" అన్నారు. మనుషుల్ని పిలిచి పడవని గట్టు మీదికి లాగించి బోర్లింపజేశారు. ఆ సాయంత్రమంతా దాని చుట్టూ తిరుగుతూ ఉలి పిడితో కొడుతూ, చెవి ఆనించి విన్నారు. చివికిన పలక ఒకటి కాదు, రెండని తేల్చారు. మిగతా సందులన్నిట్లో పాత నార తీసి కొత్తది దట్టించాలన్నారు. కొత్త కర్ర కొనాల్సిన పని లేకపోయింది. మా గొడ్లపాకలో నల్లమద్ది దూలం ఒకటి ఉంది. గేదె అమ్మేశాక పాక ఖాళీగానే పడుంది. ఆయన దాన్ని గోరుతో గీకి చూసి, ఇది చాలన్నారు.

ఆ పదిహేను రోజులు మా ఇల్లు మళ్ళీ ఇల్లయింది. రంపం చప్పుడు, చెక్కపొట్టు వాసన, కుండలో నూనెతో కలిసి కరుగుతున్న గుగ్గిలం వాసన. ఆ వాసనకి ఇప్పటికీ నా నోట్లో నీళ్ళూరుతాయి, ఎందుకంటే అదే పొయ్యి పక్కన నాన్న చేపల పులుసు పెట్టేవాడు. మేస్త్రిగారు పాక అరుగు మీద పడుకునేవారు. ఆయనకి టీలో చక్కెర ఎక్కువైతే కోపం, తన వెలుతురుకి ఎవరన్నా అడ్డం వస్తే ఇంకా కోపం. నన్ను పేరు పెట్టి పిలవలేదు, పిల్లా అనేవారు. పేర్లు గుర్తుండవని, పడవలైతే ఏ రేవులో ఏది కట్టిందీ చెప్తాననీ అనేవారు.

అమ్మ లేకుండా ఆ వేసవిలోనే నేను మొదటిసారి ఆవకాయ పెట్టాను. పక్కింటి పిన్ని పాళ్ళు చెప్పింది గానీ, ఉప్పు రెండుసార్లు వేసినట్టున్నాను. నాన్న ఒక ముద్ద తిని మజ్జిగలోకి దిగిపోయాడు. మేస్త్రిగారు మాత్రం అన్నమంతా దాంతోనే తిని, "సముద్రం మీద పోయేవాళ్ళకి ఇలాంటిదే కట్టివ్వాలి, రెండేళ్ళున్నా చెడదు" అన్నారు. నాన్న నవ్వాడు. ఇంట్లో, కంచం ముందు కూర్చుని నవ్వాడు. ఆయనకి మేస్త్రిగారితో మాటలు కూడా వచ్చాయి. మధ్యాహ్నాలు తాటిముంజలు తింటూ వాళ్ళిద్దరూ పాత రేవుల గురించీ, ఒకప్పుడు ధాన్యం పడవలు కాలవల మీదుగా బెజవాడ పోయిన సంగతులూ చెప్పుకుంటుంటే, పడవ నీడలో పడుకుని వినేదాన్ని.

కానీ పని సాగుతున్నకొద్దీ నాకు గుబులెక్కువైంది. కొత్త పలకలు పడ్డాయి. సందులు ఒక్కొక్కటే నిండుతున్నాయి. జనపనారని తాడులా పేని, వేపనూనెలో ముంచి, మొండి ఉలితో సందులోకి దిగగొట్టి, పైన గుగ్గిలం పోయడం. చివరి సందు నిండితే తారు, తారు ఆరితే అమ్మకం, అమ్మకమైతే నేను చల్లపల్లి, నాన్న విజయవాడ. నా ట్రంకుపెట్టె సర్దుకోమని అక్క అప్పటికే ఉత్తరం రాసింది. నాన్న ఆ ఉత్తరం చదివి అలమరలో పెట్టాడు. నాతో ఏమన్నా అంటాడని ఆ రోజంతా ఆయన కళ్ళ ముందే తిరిగాను.

శుక్రవారం వచ్చింది. మేస్త్రిగారు మసీదుకని బస్సెక్కి పోయారు. నాన్న తారు తేవడానికి పోయాడు. సందులన్నీ నిండిపోయాయి, మర్నాడు తారు. మిట్టమధ్యాహ్నం గట్టు మీద పడవా నేనూ తప్ప ఎవరూ లేరు. ముందుగా అనుకున్నదేం కాదు. విరిగిన గొడుగు ఊచ ఒకటి దొరికితే, వెనక వైపు చివరి సందులో గుచ్చి చూశాను. గుగ్గిలం పెచ్చులా లేచింది. కింద నార. కొస దొరకబుచ్చుకుని లాగితే జానెడు వచ్చింది. ఇంక ఆగలేకపోయాను. ఆ జానెడు సందులో రేవు బంకమట్టి కూరి, కుండలో అడుగున ఇంకా గోరువెచ్చగా ఉన్న గుగ్గిలం పైన పూశాను. నార పొయ్యిలో వేశాను. నీళ్ళూరే పడవని వాళ్ళు కొనరు, కొనకపోతే నాన్న ఎక్కడికీ పోడు. నా ఆలోచన అక్కడితో ఆగిపోయింది. ఆ పడవలో ఎవరన్నా కూర్చుంటారన్న సంగతి నాకు తోచనే లేదు.

మర్నాడు తారు పూశారు. అది ఆరాక కొనేవాళ్ళకి కబురెళ్ళింది. వాళ్ళు వచ్చింది ఇద్దరు కాదు, ముగ్గురు. ఐదేళ్ళ కూతుర్ని కూడా వెంటబెట్టుకొచ్చారు. ఎర్ర గౌను, రెండు పిలకలు. పడవని నీళ్ళలోకి దించారు. కొబ్బరికాయ కొట్టారు. కొనే ఆయన, ఆయన భార్య, పిల్ల, మేస్త్రిగారు ఎక్కారు. నాన్న గెడ తీసుకున్నాడు. చాలా నెలల తర్వాత ఆయన చేతిలో గెడ చూశాను. ఒక్క తోపుకి పడవ ఒడ్డు వదిలింది.

నేను రేవు మెట్ల మీద నిలబడ్డాను. పాయ మధ్యకి పోయేదాకా ఏమీ లేదు. తర్వాత ఆ పిల్ల నవ్వు వినబడింది. పడవ అడుగున కూర్చుని రెండు చేతులతో నీళ్ళు చిమ్ముతోంది. దానికి ఆట. తల్లి వంగి చూసి, పిల్లని రెక్క పట్టుకుని పైకి లాగింది. నీళ్ళు వాళ్ళ చీలమండలకి వచ్చాయి. తర్వాత ఇంకొంచెం పైకి. నాన్న పడవని తిప్పి, నేనెప్పుడూ చూడనంత వేగంగా గెడ వేస్తున్నాడు. మేస్త్రిగారు తలగుడ్డ విప్పి సందులో అదుముతూ కూర్చున్నారు. ఆ పిల్ల తల్లి భుజం మీంచి ఇంకా నవ్వుతూనే ఉంది.

ఒడ్డుకి వచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ కొనే ఆయన ఊరుకోలేదు. చూపు ఆనని ముసలివాడికి పని అప్పగిస్తే ఇంతేనని, తన కూతురికి ఏమన్నా అయ్యుంటే ఎవరు దిక్కని, గట్టు మీద చేరిన పదిమందిలో కేకలేశాడు. మేస్త్రిగారు పడవని ఒరగదీయించి, ఆ సందు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నారు. వేలు పెట్టి తీశారు. మట్టి వచ్చింది. దాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపి చూశారు. తర్వాత తలెత్తి గట్టు మీదున్న అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి, నా దగ్గర ఆగారు.

నేను తల దించుకున్నాను. ఆయన లేచే చప్పుడు వినిపించింది.

"నాదే పొరపాటు. ఈ చివర సరిగా దట్టించలేదు. చూపు తగ్గింది బాబూ. రెండు రోజులియ్యండి, చేసిస్తాను."

నాన్న ఆయన వంక విస్తుపోయి చూశాడు. కొనే ఆయన భార్య మాత్రం, రెండు రోజులాగి మళ్ళీ వస్తామని, ఈసారి పిల్లని మాత్రం వెంట తేమని చెప్పి మొగుణ్ణి తీసుకుపోయింది.

మర్నాడు పొద్దున్నే మేస్త్రిగారు నన్ను పడవ దగ్గరికి రమ్మన్నారు. నాన్న దగ్గర్లో లేడు. నార పేని, నూనెలో ముంచి, మొండి ఉలీ సుత్తీ నా ముందు పెట్టారు.

"కూర్చో పిల్లా. ఈ జానెడు నువ్వు దట్టించు."

నాకు రాదని చెప్పబోయాను. తియ్యడం వచ్చిందిగా అనలేదు ఆయన. అంటారనుకున్నాను. ఉలి ఎలా పట్టుకోవాలో చూపించారు. కొట్టాను. చేతివేళ్ళకి తగిలింది. చివరిదాకా కొట్టి చూపిస్తే, ఆయన గోరుతో కొస లేపి మొత్తం లాగేశారు. మళ్ళీ అన్నారు. మళ్ళీ కొట్టాను. మళ్ళీ లాగేశారు. మూడోసారికి నా కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, ఉలి సరిగా కనపడటం లేదు. ఆయన గోరు పెట్టి లాగితే కొస రాలేదు. ఇంకోసారి గట్టిగా లాగి చూశారు. రాలేదు.

"ఇక్కడ ఆ పాప కూర్చుంటది" అన్నారు. అంతకు మించి ఆ సంగతి ఎత్తలేదు. గుగ్గిలం ఆయనే పోశారు.

పడవ అమ్ముడుపోయింది. కొత్తవాళ్ళు దాన్ని పాయ వెంట దిగువకి తీసుకుపోతుంటే నాన్న గట్టు వెంట కొంతదూరం నడిచి, తుమ్మలు అడ్డం వచ్చాక ఆగాడు. మేస్త్రిగారిని బస్సెక్కించడానికి కూడా నాన్నే వెళ్ళాడు. సంచి తాను మోస్తానంటే ఆయన ఇవ్వలేదు. వంతెన మొదట్లో వాళ్ళిద్దరూ చాలాసేపు నిలబడి మాట్లాడుకోవడం నేను దూరం నుంచి చూశాను. వారం తర్వాత నన్ను కూడా అక్కడే చల్లపల్లి బస్సు ఎక్కించాడు నాన్న. కిటికీ పక్కన సీటు చూసి, ట్రంకుపెట్టె కాళ్ళ దగ్గర పెట్టి, బాగా చదువుకో అని దిగిపోయాడు. నేను ఏడవలేదు. ఏడిస్తే దింపేస్తాడేమోనన్న ఆశ ఉన్నా ఏడుపు రాలేదు.

అక్క నన్ను బాగానే చూసుకుంది. బావ కూడా. కానీ పరాయి ఇంట్లో ఉన్నట్టే ఉండేది. ఎంత తినాలో, ఎప్పుడు నవ్వాలో చూసుకుంటూ ఉండేదాన్ని. నాన్న రెండు మూడు నెలలకోసారి వచ్చేవాడు. వస్తే జామకాయలు తెచ్చేవాడు, అరుగు మీద కూర్చునేవాడు, చివరి బస్సుకన్నా ముందు బస్సుకే వెళ్ళిపోయేవాడు. నాకు చెప్పాలని ఉండేది. పడవకి ఆ పని చేసింది నేనని, మేస్త్రిగారు కాదని. చెప్దామనుకునేలోపు ఆయన చెప్పుల్లో కాళ్ళు పెట్టేవాడు.

అలా టెన్త్, ఇంటర్, డిగ్రీ, టీచర్ ట్రైనింగ్ అయిపోయాయి. మొదటి ఉద్యోగం బందరు దగ్గరే వచ్చింది. చేరిన నెలలో, ఒక ఆదివారం పొద్దున మేస్త్రిగారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. క్షమించమని ఏ మాటల్లో అడగాలో దారంతా అనుకుంటూ పోయాను. ఆయన పోయి ఏడాదైందట. కూతురు మిషను కుడుతూ కూర్చుని ఉంది. మా ఊరు చెప్తే గుర్తుపట్టింది. నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చింది.

"మా అబ్బా చేసిన ఆఖరి పడవ మీదేనమ్మా. ఆ తర్వాత ఎవరూ పిలవలేదు. కళ్ళు పోయాయని రేవులన్నిట్లో అనుకున్నారంట. ఏం కళ్ళు పోయాయి? పోయేదాకా నాకు సూదిలో దారం ఆయనే ఎక్కించి ఇచ్చేవాడు."

ఆవిడ నవ్వుతూనే చెప్పింది. నేను టీ తాగాను. గ్లాసు కింద పెట్టాను. ఆ పనిముట్ల సంచి ఎక్కడుందని మాత్రం అడిగాను. ఎవరో అడిగితే ఇచ్చేశామంది.

బయటికి వచ్చి, నా గదికి పోకుండా విజయవాడ బస్సెక్కాను. గోడౌన్ చేరేసరికి మధ్యాహ్నం రెండైంది. ఆదివారం కాబట్టి హమాలీలు లేరు. మిరపకాయల బస్తాల ఘాటుకి వీధిలోకే దగ్గొస్తోంది. నాన్న అరుగు మీద కూర్చుని, చిరిగిన గోనెసంచికి కుట్లు వేస్తున్నాడు. నన్ను చూసి పక్కకి జరిగాడు. నేను కూర్చుని, ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేశాను. గొడుగు ఊచ, మట్టి, మేస్త్రిగారు అబద్ధమాడటం, ఆయన కూతురు చెప్పింది. ఎందుకు చేశానో కూడా చెప్పాను.

నాన్న సూది సంచికి గుచ్చి పక్కన పెట్టాడు.

"నాకు తెలుసమ్మా. బస్సెక్కించేటప్పుడు ఆయనే చెప్పాడు. పిల్లని తిట్టమాక అన్నాడు. తండ్రిని వదిలి ఉండలేక చేసిన పని, నీతోనే తీసుకుపో, ఎక్కడో చోట సర్దుకోండి అన్నాడు."

"మరి?"

"సరేనన్నాను." కాసేపు వీధిలోకి చూశాడు. "నా దగ్గరుంటే నాలాగే అయిపోతావనుకున్నా. ఇంట్లో ఒక మాటా పలుకూ లేకుండా. అక్క దగ్గరైతే నలుగురూ ఉంటారు గదా. నువ్వేమన్నా అంటావేమోనని బస్సు కదిలేదాకా చూశాను."

నేనూ ఆ బస్సు కదిలేదాకా ఆయన మొహమే చూశానని చెప్పలేదు. చెప్పినా ఏం మారుతుంది. ఎనిమిదేళ్ళు నేను దాచుకున్నది ఆయనకి మొదట్నుంచే తెలుసు. ఆయన దాచుకున్నది మాత్రం నాకు ఆ రోజే తెలిసింది. మా ఇద్దరి మధ్యా, తన పేరు పోగొట్టుకుని బందరు పోయిన ఒక ముసలాయన ఉన్నాడు. ఆయనకి ఇచ్చిన మాట నాన్న నిలబెట్టుకోలేదు. నేనైతే ఆయనకి ఒక్క మాటా చెప్పలేదు, ఆయన కూతురికి కూడా.

ఎండ అరుగు మీదికి వచ్చింది. నాన్న లేచి, లోపల స్టవ్ దగ్గరికి పోబోతూ తలుపు దగ్గర ఆగి, అన్నం తిన్నావా అని అడిగాడు.

తిన్నానన్నాను.

పొద్దుట్నుంచీ ఆ టీ తప్ప నా కడుపులో ఏమీ లేదు. తినలేదంటే ఆయన స్టవ్ వెలిగించేవాడు. బియ్యం కడిగేవాడు, ఉన్న రెండు వంకాయలో ఏవో తరిగేవాడు, నేను ఇంకో గంట ఆయన పక్కన ఉండేదాన్ని. నాన్న పోయి కూడా ఇప్పటికి చాలా ఏళ్ళైంది. ఆ రోజు తర్వాత, ఆయన ఉన్నన్నాళ్ళూ, ఆయనతో ఎన్నోసార్లు కూర్చుని తిన్నాను, ఎన్నో మాటలు మాట్లాడాను. కానీ ఆ మధ్యాహ్నం తిన్నానని ఎందుకు అన్నానో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.